హెచ్‌ఓ గూడ్స్ పెట్టెలకు పొడుగు కుషన్ కప్లర్లు: ఏది ఎవరికి సరిపోతుంది

ఇది హెచ్‌ఓ మోడల్ రైళ్ళ సంగతి, అంటే అసలు రైలులో 87వ వంతు కొలతతో బల్ల మీద నడిపేవి. కప్లర్ అంటే రెండు పెట్టెలను కలిపే కొక్కెం, కుషన్ అంటే గుద్దుకున్న దెబ్బను మింగే ఏర్పాటు. ముందే నా మాట చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు ఈ పేరాతో ఆగిపోయినా నష్టం లేదు. మీ పట్టాల్లో అన్నిటికన్నా బిగుతైన వంపు ఎంతుందో కొలవండి, తర్వాత మీ పెట్టె అసలు రైల్లో ఏ సరుకు మోసేదో తెలుసుకోండి, ఈ రెండూ తెలిశాకే పొడుగు కప్లర్ కొనండి. 22 అంగుళాల వ్యాసార్థం ఉన్న వంపు మీద పెద్ద బాక్స్‌కార్లు (అన్ని వైపులా మూసిన గూడ్స్ పెట్టెలు) నడిపేవాళ్ళకు మామూలు డ్రాఫ్ట్ గేర్ బాక్సులోనే, అంటే కప్లర్ వెనక భాగం కూర్చునే డబ్బాలోనే, పొడుగు షాంక్ (తల వెనక ఉండే కాడ) ఉన్న కప్లర్ వేసుకోవడం మేలు. 30 అంగుళాలకు పైన వంపు ఉండి, రూపం కూడా అచ్చంగా కావాలనుకునేవాళ్ళు విడిగా దొరికే కుషన్ బాక్సుకు వెళ్ళొచ్చు. స్ప్రింగు పెట్టి నిజంగా కదిలేలా చేసుకోవడం మాత్రం అద్దాల బీరువాలో పెట్టే ఒకటి రెండు పెట్టెలకే. 40 అడుగుల చిన్న పెట్టెలకు, బొగ్గు హాపర్లకు (సరుకును అడుగు నుంచి దింపే పెట్టెలకు) పొడుగు కప్లర్ అసలు వద్దు.

మాది రాయగడ. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్ళే లైను మీద ఉన్న ఊరు, కాబట్టి గూడ్సు బళ్ళు చూడని రోజంటూ ఉండదు. ఆగి ఉన్న రేక్ (వ్యాగన్ల వరుస) కదిలేటప్పుడు ఇంజిన్ దగ్గర మొదలైన టక్ మనే చప్పుడు ఒక్కో వ్యాగన్ దాటుకుంటూ చివరి దాకా పరిగెత్తడం విన్నవాళ్ళకు ఈ కప్లర్ల సంగతి సగం అర్థమైపోయినట్టే. ఒక్కో జోడు మధ్య కొంచెం వదులు ఉంటుంది, లాగినప్పుడు అది సాగుతుంది, బ్రేక్ వేసినప్పుడు మూసుకుంటుంది, ఆ దెబ్బను పట్టుకునేదే కప్లర్ వెనకాల ఉండే డ్రాఫ్ట్ గేర్.

నా దగ్గరున్నవి మాత్రం ఎక్కువగా అమెరికా పెట్టెలే. అక్కడ ఉంటున్న మా మేనల్లుడు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో రెండో మూడో తెస్తాడు, వాటిలో 86 అడుగుల ఆటో పార్ట్స్ బాక్స్‌కార్లు కూడా ఉన్నాయి. వాటి కప్లర్ పెట్టె చివరి గోడ నుంచి అంత బయటికి ఎందుకు పొడుచుకొచ్చిందో నాకు మొదట్లో తెలియలేదు. మా పక్కింట్లో ఉండే బాబాయ్ గారు టీఎక్స్‌ఆర్‌గా, అంటే రైల్వేలో బళ్ళను తనిఖీ చేసే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు, ఆయనకు చూపిస్తే ఒక్క నిమిషం తిప్పి చూసి, "ఇదేటి బాబూ, ఇందులో అర్థం కానిదేటుంది? గుద్దితే లోపలికెళ్ళాల గదా, వెళ్ళడానికి జాగా ఉండాల గదా" అన్నారు.

విషయం అంతే. మామూలు డ్రాఫ్ట్ గేర్‌లో కప్లర్ కదిలేది చాలా తక్కువ. కుషన్ వేసిన పెట్టెలో నూనె నింపిన హైడ్రాలిక్ సిలిండరు ఉంటుంది, యార్డులో పెట్టెలు వచ్చి గుద్దుకున్నప్పుడు కప్లర్ చాలా దూరం లోపలికి వెళ్ళి ఆ దెబ్బను నెమ్మదిగా మింగుతుంది. అంత దూరం వెళ్ళాలంటే మామూలుగా ఉన్నప్పుడు అంత బయట ఉండాలి. 1950లలో సదరన్ పసిఫిక్ రైల్వే కోసం స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన హైడ్రా-కుషన్‌లో పెట్టె అడుగున మధ్య దూలమే అటూ ఇటూ జారుతుంది, కాబట్టి రెండు చివర్లూ కలిసి కదులుతాయి. తర్వాత వచ్చిన రకాల్లో ఒక్కో చివర ఒక్కో విడి యూనిట్ ఉంటుంది, 10 అంగుళాలు కదిలేవి, 15 అంగుళాలు కదిలేవి. హెచ్‌ఓ కొలత 1:87 కాబట్టి మన బల్ల మీద ఆ 10 అంగుళాలు దాదాపు 2.9 మిల్లీమీటర్లు, 15 అంగుళాలు 4.4 మిల్లీమీటర్లు. చేతిలో పట్టుకుంటే చిన్న తేడాలా ఉంటుంది గానీ రెండు పెట్టెలు పక్కపక్కన నిలబెడితే కంటికి వెంటనే తెలుస్తుంది.

ఏ సరుకు అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. కుషన్ ఖరీదైన వ్యవహారం, దెబ్బ తగిలితే పాడయ్యే సరుకుకే వేస్తారు: కారు విడిభాగాలు, డబ్బాల్లో ఆహారం, కాగితం చుట్టలు. మా పక్కనే జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది, కాగితం చుట్ట అంచు ఒక్కచోట నలిగితే ప్రెస్సులో ఎంత ఇబ్బందో అక్కడ పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. అదే కిరండూల్ నుంచి విశాఖ వైపు దిగే ఇనుప ఖనిజం ఎంత గుద్దుకున్నా ఖనిజమే. అందుకే బొగ్గు హాపర్‌కో, ఖనిజం పెట్టెకో పొడుగు కప్లర్ తగిలించడం అసలుకు విరుద్ధం, నడకకూ ఉపయోగం లేదు.

ఇక ఎంపికల సంగతి. ఒక్క మాట ముందు: మన రైల్వేలో బోగీ అనే చక్రాల చట్రాన్ని అమెరికా వాళ్ళు ట్రక్ అంటారు, మనవాళ్ళకు బోగీ అంటే పెట్టె అనే అర్థం పాతుకుపోయింది కాబట్టి నేను ట్రక్కు అనే రాస్తాను.

చాలామందికి సరిపోయేది మామూలు బాక్సులో పొడుగు షాంక్ వేసుకోవడం. కేడీ అనే కంపెనీ కప్లర్లలో 148 నంబరు మధ్యస్థ షాంక్, 9/32 అంగుళం, అంటే 7.1 మిల్లీమీటర్లు. 146 పొడుగు షాంక్, 25/64 అంగుళం, అంటే 9.9 మిల్లీమీటర్లు. రెండిటి తేడా 2.8 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణిస్తే అసలు రైల్లో తొమ్మిదిన్నర అంగుళాలు వస్తుంది. అంటే బాక్సు ముట్టుకోకుండా, కొత్త రంధ్రం వేయకుండా, 148 తీసి 146 పెడితే చాలు, 10 అంగుళాల కుషన్ పెట్టె ఎంత బయటికి ఉండాలో దాదాపు అంత బయటికి వచ్చేస్తుంది. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు, ఎందుకంటే అప్పటికి నేను రెండు పెట్టెల అడుగు కోసి బాక్సును ముందుకు జరిపే పనిలో ఉన్నాను. చూడ్డానికి లోటు ఒకటుంది. అసలు పెట్టెలో బయటికి వచ్చేది బాక్సు, దాన్లోంచి కప్లర్. ఇక్కడ బాక్సు లోపలే ఉండి షాంక్ ఒక్కటే సన్నగా పొడుచుకొస్తుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే తెలియదు, ఫోటో తీస్తే తెలుస్తుంది.

ఈ 140 వరుస కప్లర్లకు పక్కల మీసాల్లాంటి సన్నని స్ప్రింగులు కప్లర్‌కే అంటుకుని ఉంటాయి, పాత 5 నంబరులో లాగా ఇత్తడి రంగు పలక విడిగా పెట్టే పని లేదు. తల చిన్నగా, అసలు కొలతకు దగ్గరగా కావాలంటే 146 బదులు 156, 148 బదులు 158 ఉన్నాయి. నేను 158ని ఇష్టపడతాను గానీ పట్టాలు ఎగుడుదిగుడుగా ఉన్నచోట చిన్న తల పైకీ కిందికీ జారి విడిపోతుంది. ప్లైవుడ్ మీద పట్టాలు వేసుకుని వర్షాకాలంలో చెక్క ఉబ్బే మా వైపు ఇళ్ళల్లో ముందు పెద్ద తలతోనే మొదలుపెట్టడం మంచిది.

రెండోది, బాక్సుతో సహా మార్చడం. డీటెయిల్స్ వెస్ట్, మోలోకో లాంటివాళ్ళు కుషన్ పెట్టెల చివర ఉండే బాక్సులను విడిగా తయారు చేశారు. అసలు దాని మీద ఉండే బోల్టు తలలు, పక్క రెక్కలు, బయటికి వచ్చిన ముక్కు అన్నీ ఉంటాయి, లోపల మామూలు కప్లర్ వేస్తాం. చూడ్డానికి దీన్ని మించింది లేదు, ఇందులో నాకు సందేహం లేదు. పని మాత్రం ఉంది. పాత బాక్సు కోసేయాలి, అడుగు చదును చేయాలి, ఎత్తు చూసుకుంటూ కొత్తది అతికించాలి, అది సరిగ్గా మధ్య గీత మీద ఉండాలి, అర మిల్లీమీటరు పక్కకు పోయినా బండి వెనక్కి నెట్టేటప్పుడు బయటపడుతుంది. ఇంకోటి, బాక్సు మూతి సన్నగా ఉంటే కప్లర్ పక్కలకు తిరిగే మేర తగ్గుతుంది. కొనేముందు ఆ మూతి వెడల్పు చూసుకోండి. 22 అంగుళాల వంపు వాళ్ళకు నేను దీన్ని సిఫార్సు చేయకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

మూడోది, నిజంగా స్ప్రింగు మీద లోపలికీ బయటికీ జారే బాక్సు, చాలావరకు మనమే చేసుకోవాలి. పాడైన పెన్నులోని స్ప్రింగుతో నేనొకటి చేశాను, వేలితో నొక్కితే లోపలికి వెళ్ళి మళ్ళీ మెల్లగా బయటికి వస్తుంది, పిల్లలు దాన్ని వదలరు. కానీ రైల్లో పెట్టి చూస్తే ఇంజిన్ పక్కనున్న పెట్టె మొత్తం రైలు బరువును లాగుతుంది, చివరి పెట్టె తన బరువు తానే మోసుకుంటుంది. కాబట్టి ఒకే బలం ఉన్న స్ప్రింగు ముందు పెట్టెలో ఎప్పుడూ పూర్తిగా సాగిపోయే ఉంటుంది, వెనక పెట్టెలో అసలు కదలదు. దానికి తోడు ఇరవై పెట్టెలకు నలభై చివర్లు, ఒక్కో చివర మూడు మిల్లీమీటర్ల వదులైతే మొత్తం పన్నెండు సెంటీమీటర్లు. ఇంజిన్ ఆపిన ప్రతిసారీ ఆ పన్నెండు సెంటీమీటర్లు వెనక నుంచి వచ్చి గుద్దుతాయి, వంపులో ఉంటే తేలికైన పెట్టె పట్టా దిగుతుంది.

ట్రక్కుకే కప్లర్ బిగించిన పెట్టెలు కూడా దొరుకుతాయి, 18 అంగుళాల వంపులో అవి హాయిగా తిరుగుతాయి, వెనక్కి నెట్టితే మాత్రం ట్రక్కే అడ్డం తిరుగుతుంది. షంటింగ్ చేయనివాళ్ళు అలాగే ఉంచుకోవచ్చు. యూరప్ పెట్టెలు ఉన్నవాళ్ళకు దారి వేరు: వాటికి ఎన్‌ఈఎం 362 సాకెట్ (కప్లర్ గుచ్చడానికి యూరప్ ప్రమాణం ప్రకారం ఉండే గూడు) ఉంటే కేడీ 17, 18, 19, 20 నంబర్లు నేరుగా గుచ్చుకుంటాయి, 17 అన్నిటికన్నా పొట్టి, 20 అన్నిటికన్నా పొడుగు, ఒక్కోటి పెట్టి చూసి సరిపోయింది ఉంచుకోవడమే.

వంపు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం చెప్పాలి. మనకు దొరికే ప్లైవుడ్ 8 అడుగులు 4 అడుగులు, దాని మీద గుండ్రంగా తిప్పితే 22 అంగుళాల వ్యాసార్థం కన్నా పెద్దది పట్టదు. నా దగ్గరున్న 86 అడుగుల పెట్టెకు రెండు ట్రక్కుల మధ్య దూరం దాదాపు 23 సెంటీమీటర్లు, చివర్లు ఆ పైన బయటికి ఉంటాయి. 22 అంగుళాల వంపులో దాని చివర పట్టాల మధ్య గీత నుంచి 9 మిల్లీమీటర్లకు పైనే బయటికి తోసుకొస్తుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, అందులో సగం ఎనిమిదింపావు, అంటే కప్లర్ ఉన్న చోటు పట్టా దాటి బయట ఉందన్నమాట. దాని పక్కనే 40 అడుగుల పెట్టె తగిలిస్తే దాని చివర రెండున్నర మిల్లీమీటర్లే బయటికి వస్తుంది. ఈ ఏడు మిల్లీమీటర్ల తేడాను రెండు షాంకులు కలిసి మోయాలి. రెండూ మధ్యస్థమైతే కలిపి 14 మిల్లీమీటర్లే, కోణం 26 డిగ్రీలకు పోతుంది. పెద్ద పెట్టెకు పొడుగు, చిన్నదానికి మధ్యస్థం అయితే కలిపి 17, కోణం 22 డిగ్రీలకు దిగుతుంది. పెద్ద పెట్టెకు పొడుగు షాంక్ అందం కోసమే కాదు, పట్టా మీద నిలవడానికి కూడా అవసరం అని నేను చెప్పేది ఇందుకే.

అలాగని అన్నిటికీ వేస్తే? నేను అదే చేశాను. నా దగ్గరున్న పద్నాలుగు పెట్టెలకూ ఒకే వారంలో పొడుగువి వేసేశాను, 40 అడుగులవి కూడా వదల్లేదు. ముందుకు బాగానే నడిచింది. వెనక్కి నెట్టిన మొదటిసారే మధ్యలో రెండు చిన్న పెట్టెలు మోకాలు మడిచినట్టు మడిచి పక్కకు పడ్డాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పొడుగు షాంక్ పక్కకు తిరిగాక నెట్టే బలంలో కొంత పక్కకు మళ్ళుతుంది, తేలిక పెట్టెకు దాన్ని తట్టుకునే బరువు ఉండదు. ఆ పెట్టెలకు మళ్ళీ 148 వేశాక ఆ బెడద పోయింది. అప్పట్లోనే కొన్నిటికి చౌకగా వచ్చిన ప్లాస్టిక్ కప్లర్లు వేశాను, వాటి ప్లాస్టిక్ స్ప్రింగు కొన్ని నెలలకే వంగిపోయి నకిల్ (కప్లర్ తలలో తెరుచుకుని మూసుకునే వేలు) మూసుకోవడం మానేసింది. ఖరీదు ఎక్కువైనా లోహపు కప్లరే కొనమని అందుకే చెబుతున్నాను.

బరువు సంగతి కూడా కప్లర్ సంగతిలో భాగమే. అమెరికాలోని మోడల్ రైళ్ళ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు ఉండాలి. ఏడు అంగుళాల 50 అడుగుల పెట్టెకు నాలుగున్నర ఔన్సులు, అంటే దాదాపు 128 గ్రాములు. 12 అంగుళాల పొడుగు పెట్టెకు ఏడు ఔన్సులు, దాదాపు 198 గ్రాములు. బంగారం కొట్టులో తూకం వేయించుకున్నా సరే, వంటింటి డిజిటల్ తూకమైనా సరే, ముందు తూచండి. టైర్ల కొట్టులో చక్రాల బ్యాలెన్సింగ్‌కు అతికించే చిన్న బరువులు ఒక్కోటి 5, 10 గ్రాముల ముక్కలుగా ఉంటాయి, వెనక జిగురు ఉంటుంది, పెట్టె లోపల నేల మీద సమానంగా అతికించడానికి వాటికన్నా వీలైనవి నాకు కనిపించలేదు.

బిగించేటప్పుడు గమనించాల్సినవాటిలో మొదటిది ఎత్తు. పట్టా పైభాగం నుంచి కప్లర్ మధ్య దాకా 25/64 అంగుళం, 9.9 మిల్లీమీటర్లు ఉండాలి. కేడీ 205 గేజ్ ఒకటి కొనండి, పట్టా మీద పెట్టి పెట్టెను దాని దగ్గరికి తోస్తే కప్లర్ ఎత్తూ, కింద వేలాడే తీగ ఎత్తూ ఒకేసారి తెలుస్తాయి. పొడుగు షాంక్‌కు ఇది ఇంకా ముఖ్యం. బాక్సులో షాంక్ కొంచెం వదులుగా ఉంటే తల కిందికి వాలుతుంది, షాంక్ దాదాపు నలభై శాతం పొడుగైతే ఆ వాలూ అంతే పెరుగుతుంది. 148తో సరిగ్గా ఉన్న పెట్టె 146 వేయగానే తల వాల్చేయడం చూసి కంగారు పడకండి, బాక్సు లోపల షాంక్ కింద సన్నని కాగితం ముక్క పెడితే సరిపోతుంది. పెట్టె మొత్తం కిందికి ఉంటే ట్రక్కు మీద వాషరు వేయాలి, కేడీ వాషర్లు 0.25, 0.38 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. అవి లేకపోతే గడువు తీరిన ఏటీఎం కార్డు కోసుకోండి, దాని మందం 0.76 మిల్లీమీటర్లు, అంటే మందపు వాషర్లు రెండు కలిపినంత.

స్క్రూలు అమెరికా కొలతలో 2-56 అంటారు, మన దగ్గర అవి దొరకడం కష్టం, వెతుక్కుంటూ తిరగొద్దు. మొబైల్ రిపేరు కొట్లో ఎం2 స్క్రూలు గుప్పెడు ఇస్తారు, 1.6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో రంధ్రం వేసి బిగిస్తే చక్కగా పట్టుకుంటాయి. డ్రిల్ మిషను వాడొద్దు, ప్లాస్టిక్ కరిగి రంధ్రం పెద్దదవుతుంది, చేత్తో తిప్పే పిన్ వైస్ తీసుకోండి. కప్లర్ గట్టిగా తిరుగుతుంటే నూనె వేయకండి, దుమ్ము పట్టి నెలలో జిగురైపోతుంది. తాళాల కొట్లో దొరికే గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు.

మన రైల్వే బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేనివి) సొంతంగా చేసుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను ఇదే అడిగారు, వాళ్ళకు వేరే జవాబు. బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కు 10,713 మిల్లీమీటర్లు, 1:87లో 123 మిల్లీమీటర్లు, చిన్న పెట్టె, మోసేది బొగ్గు, కాబట్టి పొడుగు షాంక్ అవసరమే లేదు. అక్కడ అసలు చిక్కు ఎత్తుది. మన కప్లర్ ఎత్తు ఖాళీ వ్యాగన్‌కు 1,105 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 1:87లో అది 12.7, కేడీ గేజ్ ఎత్తు 9.9. అచ్చం కొలత ప్రకారం బిగిస్తే అమెరికా ఇంజిన్‌తో కలవదు. అన్నీ మన వ్యాగన్లే అయితే మీ ఎత్తు మీరు ఉంచుకోండి, కలిపి నడపాలంటే తల కిందికి దిగి ఉండే రకం షాంక్ తీసుకుని గేజ్ ఎత్తుకే రండి.

కుషన్ పెట్టెను రూపంలో కూడా పూర్తి చేయాలనుకునేవాళ్ళకు ఇంకొక్కటి. చాలామంది బ్రేకు గొట్టాన్ని పెట్టె చివరి గోడకు అతికిస్తారు. అసలు బండిలో కప్లర్ లోపలికీ బయటికీ కదులుతుంది కాబట్టి గొట్టం కూడా దానితో పాటే కదిలేలా ముందుకు వచ్చి ఉంటుంది. మోడల్‌లో బాక్సు పక్కన చిన్న తీగతో గొట్టాన్ని ముందుకు తెచ్చి కప్లర్ పక్కనే వేలాడదీయండి, పొడుగు షాంక్ ఒక్కటే వేసుకున్నా పెట్టె రూపం మారిపోతుంది. గొట్టం మరీ బయటికి వస్తే వంపులో పక్క పెట్టె గొట్టానికి తగులుకుంటుంది, రబ్బరు తీగ వాడితే తగిలినా విరగదు.

అంతా అయ్యాక పరీక్ష వెనక్కి నెట్టే పెట్టండి, ముందుకు లాగి కాదు. బిగుతైన వంపులో పెద్ద పెట్టె పక్కన మీ దగ్గరున్న అన్నిటికన్నా తేలిక పెట్టెను తగిలించి, మధ్యలో పెట్టి, ఇంజిన్‌తో మెల్లగా నెట్టండి. పడితే ముందు ఆ తేలిక పెట్టెను తూచండి, బరువు సరిపోతే దాని షాంక్ మార్చండి, అప్పటికీ పడుతుంటే ఆ రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టకుండా మధ్యలో 50 అడుగుల పెట్టె ఒకటి వేయండి.